పెళ్లి ముందా, వీసా ముందా? అమెరికా సంబంధాలు కుదుర్చుకునే కుటుంబాలకు ఒక విన్నపం

సంపాదకులు గారికి నమస్కారాలు.

అమెరికా పౌరసత్వం ఉన్న వ్యక్తితో సంబంధం ఖాయమైన ఇంట్లో ముహూర్తం కంటే ముందే చర్చకు వచ్చే ప్రశ్న ఒకటుంది. అమ్మాయిని కాబోయే భార్యగా కె-1 వీసాపై పంపి పెళ్లి అక్కడ జరిపించాలా, లేక ఇక్కడే పెళ్లి చేసి, రిజిస్ట్రేషన్ చేయించి, భార్య హోదాలో వలస వీసాకు దరఖాస్తు చేయాలా అన్నదే ఆ ప్రశ్న. గుంటూరులో న్యాయవాదిగా ఇలాంటి కుటుంబాల కాగితాలు తరచూ చూస్తుంటాను. ఇంత పెద్ద నిర్ణయం చాలా ఇళ్లలో ‘అదైతే తొందరగా వస్తుందట’ అని ఎవరో బంధువు ఫోన్లో చెప్పిన ఒక్క మాట మీద తేలిపోతుండడం చూసి బాధ కలిగి ఈ లేఖ రాస్తున్నాను. నా అభిప్రాయం మొదటే చెబుతాను. వీలున్న ప్రతి జంటా ఇక్కడ పెళ్లి చేసుకుని, దానిని నమోదు చేయించుకుని, భార్యాభర్తల వలస వీసా దారిలోనే వెళ్లాలి. కె-1 దారి వేరే గత్యంతరం లేనివారికి ఉండాలి. సౌలభ్యం కోసం అమ్మాయి అని రాస్తున్నాను గానీ, ఇక్కడి నుంచి వెళ్లేది అబ్బాయి అయినా, అవతలి వ్యక్తి తెలుగు మూలాలున్నవారైనా, మన భాష ఒక్క ముక్క రాని అమెరికన్ అయినా చట్టం ఒక్కటే.

అసలు ఈ ప్రశ్న వేసుకునే ముందు తెలుసుకోవలసింది ఇంకొకటి ఉంది. ‘అబ్బాయి అమెరికాలో స్థిరపడ్డాడు’ అన్న మాటకు చట్టం దృష్టిలో అర్థం లేదు. అతను పౌరుడా, గ్రీన్‌కార్డు ఉన్నవాడా, హెచ్-1బి వీసాపై ఉద్యోగం చేస్తున్నవాడా అన్నదాన్ని బట్టే భార్య వెళ్లే దారి ఉంటుంది. పౌరుడి భార్యకు ఏటా ఇచ్చే వీసాల సంఖ్యపై పరిమితి లేదు. గ్రీన్‌కార్డుదారుడి భార్య ఎఫ్2ఏ అనే వర్గంలోకి వస్తుంది. ఆ వర్గానికి పరిమితి ఉంది కాబట్టి నెలనెలా వచ్చే వీసా బులెటిన్ చూసుకుంటూ తన వంతు కోసం ఎదురుచూడాలి. ఆ నిరీక్షణ ఏళ్ల తరబడి సాగవచ్చు. మధ్యలో భర్త పౌరసత్వం పొందితే ఆమె దరఖాస్తు పౌరుడి భార్య వర్గానికి మారుతుంది. కె-1 గ్రీన్‌కార్డుదారులకు అసలు వర్తించదు. హెచ్-1బి ఉద్యోగి భార్య హెచ్-4 అనే ఆశ్రిత వీసాపై వెళ్తుంది. ఆమెకు ఉద్యోగం చేసే అనుమతి 2015 మే నుంచి ఉన్నా, భర్త గ్రీన్‌కార్డు ప్రక్రియలో ఐ-140 (ఉద్యోగం ఆధారంగా వేసే వలస పిటిషన్) ఆమోదం వంటి మెట్టు దాటితేనే అది దక్కుతుంది. ఇక్కడే ఇంకొక సంగతి చెప్పాలి. హెచ్-1బిపై ఉండి గ్రీన్‌కార్డు వంతు దగ్గరపడిన అబ్బాయి, అది చేతికి వచ్చాక పెళ్లి చేసుకుందామని ఆగితే, భార్య ఎఫ్2ఏ వరుసలో కొత్తగా నిలబడాల్సి వస్తుంది. గ్రీన్‌కార్డు మంజూరు కాకముందే పెళ్లయి ఉంటే అతని దరఖాస్తు ఆధారంగానే ఆమెకూ అవకాశం ఉంటుంది. ఈ ఒక్క తేడా తెలియక ఎడబాటుతో ఏళ్లు గడుపుతున్న జంటలు మన జిల్లాల్లో తక్కువేమీ కాదు.

ఇక పౌరుడి విషయానికి వస్తాను. కె-1 దారిలో అమెరికా పౌరుడు ఐ-129ఎఫ్ అనే పిటిషన్ వేస్తాడు. పిటిషన్ వేసేనాటికి ముందు రెండేళ్లలో ఇద్దరూ ఒక్కసారైనా ముఖాముఖి కలిసి ఉండాలి. వీడియో కాల్‌లో ఎన్ని గంటలు మాట్లాడుకున్నా అది కలవడం కిందికి రాదు. ఆచారాల పేరుతో మినహాయింపు అడిగే వీలున్నా అది దొరకడం అరుదు. పిటిషన్ ఆమోదం పొంది, ఇంటర్వ్యూ అయి, వీసా వచ్చాక ఆమె అమెరికాలో అడుగుపెట్టిన నాటి నుంచి 90 రోజుల్లోగా ఆ పిటిషన్ వేసిన వ్యక్తినే పెళ్లాడాలి. ఆ తర్వాత గ్రీన్‌కార్డు కోసం ఐ-485 అనే మరో దరఖాస్తు పెట్టుకోవాలి. భార్య హోదాలో వెళ్లే దారిలో పెళ్లయ్యాక ఐ-130 పిటిషన్ వేస్తారు. అది ఆమోదం పొందాక ఫైలు నేషనల్ వీసా సెంటర్‌కు, అక్కడి నుంచి కాన్సులేట్‌కు వెళ్తుంది. పెళ్లయి రెండేళ్లు నిండకముందు అమెరికాలో ప్రవేశిస్తే ఆ వీసాను సీఆర్-1 అనీ, నిండాక ప్రవేశిస్తే ఐఆర్-1 అనీ అంటారు.

ఈ రెండింటికీ ఉన్న అసలైన తేడా విమానం దిగిన రోజున బయటపడుతుంది. సీఆర్-1పై వెళ్లిన అమ్మాయి ఇమిగ్రేషన్ అధికారి ముద్ర వేసిన క్షణం నుంచే శాశ్వత నివాసి అవుతుంది. గ్రీన్‌కార్డు తపాలాలో తర్వాత వచ్చినా, పాస్‌పోర్టులోని ఆ వీసా ముద్రే ఏడాది పాటు దానికి సమానమైన ఆధారంగా చెల్లుతుంది. మర్నాడే ఉద్యోగానికి దరఖాస్తు చేసుకోవచ్చు, ఇండియాకు రావాలనిపిస్తే వచ్చి వెళ్లవచ్చు. కె-1పై వెళ్లిన అమ్మాయి పరిస్థితి అలా ఉండదు. అది ఒక్కసారి ప్రవేశానికి మాత్రమే పనికొచ్చే వీసా. పెళ్లయ్యాక ఐ-485తో పాటు పని అనుమతికీ, ప్రయాణ అనుమతికీ వేరువేరుగా దరఖాస్తులు పెట్టుకుని, అవి వచ్చేవరకూ నెలల తరబడి ఇంట్లో కూర్చోవాలి. హైదరాబాదులో మంచి జీతం తెచ్చుకుంటున్న ఇంజినీరైనా, విజయవాడ ఆసుపత్రిలో పనిచేస్తున్న నర్సైనా ఆ కాలమంతా ప్రతి రూపాయికీ భర్త మీద ఆధారపడక తప్పదు. అన్నింటికంటే నన్ను కలవరపెట్టేది ప్రయాణం సంగతి. అడ్వాన్స్ పెరోల్ అనే ప్రయాణ అనుమతి చేతికి రాకముందే ఆమె దేశం దాటితే గ్రీన్‌కార్డు దరఖాస్తును వదులుకున్నట్టే లెక్క. అదే సమయంలో ఇక్కడ తండ్రి పోతే? అత్యవసర అనుమతి అడిగే వీలు ఉంది. కానీ అపాయింట్‌మెంట్ తీసుకుని, కార్యాలయానికి వెళ్లి, కాగితం చేతికి తెచ్చుకునేలోగా ఇక్కడ దహనం అయిపోతుంది, చాలాసార్లు దినకర్మలు కూడా ముగిసిపోతాయి. త్వరగా వస్తుందన్న ఒక్క కారణంతో కె-1 ఎంచుకునే కుటుంబాల్లో ఈ సంగతి ముందుగా విన్న తల్లిదండ్రులు నాకు చాలా తక్కువగా తారసపడ్డారు.

90 రోజుల నిబంధనలో మరో ముప్పు ఉంది. అక్కడికి వెళ్లాక అబ్బాయి మనసు మార్చుకున్నా, అతని స్వభావం చూసి అమ్మాయే వద్దనుకున్నా ఆమె తిరిగి రావలసిందే. కె-1 నుంచి విద్యార్థి వీసాకో, ఉద్యోగ వీసాకో అక్కడ ఉండగానే మారడానికి చట్టం ఒప్పుకోదు. వేరొకరిని పెళ్లాడి గ్రీన్‌కార్డు అడగడానికీ వీల్లేదు. నిశ్చితార్థం జరిగి, ఉద్యోగానికి రాజీనామా చేసి, ఊరందరికీ చెప్పి వెళ్లిన అమ్మాయి మీద ఆ 90 రోజుల్లో ఎంత ఒత్తిడి ఉంటుందో ఊహించవచ్చు. ఇష్టం లేకపోయినా తాళి కట్టించుకునే పరిస్థితి అక్కడే పుడుతుంది. సీఆర్-1లోనూ షరతులు లేకపోలేదు. ఇచ్చేది రెండేళ్ల షరతుతో కూడిన గ్రీన్‌కార్డే. ఆ గడువు ముగియడానికి ముందు 90 రోజుల్లో భార్యాభర్తలు కలిసి ఐ-751 దరఖాస్తు పెట్టాలి. అయినా ఆమె హోదా ఆమె పేరు మీదే ఉంటుంది. పెళ్లి నిజాయితీగా జరిగి విడాకులతో ముగిసిందని నిరూపిస్తే, భర్త సంతకం లేకుండానే ఆ షరతును తొలగించమని అడిగే హక్కు ఆమెకు ఉంది. పౌరసత్వం లెక్కలోనూ తేడా ఉంది. పౌరుడి భార్యగా అతనితో కాపురం చేస్తూ మూడేళ్లు శాశ్వత నివాసిగా ఉన్నాక పౌరసత్వానికి దరఖాస్తు చేయవచ్చు. సీఆర్-1లో ఆ మూడేళ్లూ దిగిన రోజు నుంచే మొదలవుతాయి. కె-1లో ఐ-485 ఆమోదం పొందిన నాటి నుంచి మాత్రమే లెక్క.

ఖర్చు లెక్క వేసినా కె-1 కలిసిరాదు. 2024 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన రుసుముల ప్రకారం ఐ-129ఎఫ్‌కు 675 డాలర్లు, కె వీసాకు 265, ఐ-485కు 1,440 కలిపి 2,380 డాలర్లు అవుతాయి. పని అనుమతికి 260, ప్రయాణ అనుమతికి 630 కూడా కలిపితే 3,270కి చేరుతుంది. భార్య హోదాలో ఐ-130ని ఆన్‌లైన్‌లో వేస్తే 625, వీసాకు 325, ఆర్థిక హామీ పత్రాల పరిశీలనకు 120, గ్రీన్‌కార్డు తయారీకి 235 కలిపి 1,305 డాలర్లతో సరిపోతుంది. వైద్య పరీక్షలూ ప్రయాణాలూ రెండింటిలోనూ వేరే. రుసుములు మారుతుంటాయి కాబట్టి దరఖాస్తు వేసేనాటి మొత్తాన్ని యూఎస్‌సీఐఎస్ (అమెరికా పౌరసత్వ, వలస సేవల విభాగం) వెబ్‌సైట్‌లో చూసుకోవాలి. ఇక త్వరగా రావడం అంటారా, ఒకప్పుడు కె-1 ఫైలు కొన్ని నెలలు ముందుగా తెమిలేమాట నిజమే. అయితే ఆ తేడా స్థిరమైనది కాదు, పిటిషన్లు పరిశీలించే సర్వీస్ సెంటర్ల మీది భారాన్ని బట్టి పెరుగుతూ తరుగుతూ ఉంటుంది. పైగా విమానం ఎక్కే తేదీ ఒక్కటే చూసి లెక్క కట్టడం సరికాదు. ఉద్యోగం చేయగలిగే తేదీ, స్వేచ్ఛగా ఇంటికి రాగలిగే తేదీ ఎప్పుడన్నది చూస్తే చాలా సందర్భాల్లో సీఆర్-1దే ముందంజ.

ఇప్పుడు చెప్పబోయేది మన తెలుగు ఇళ్లకు ముఖ్యం. కె-1 పిటిషన్ వేసి, అది తెమిలేలోగా పెద్దవాళ్లు ఉండగానే ముచ్చట తీరాలని ఇక్కడ శాస్త్రోక్తంగా పెళ్లి జరిపించి, రిజిస్ట్రేషన్ చేయించకుండా ఆపితే చాలని కొందరు అనుకుంటున్నారు. ‘కాగితం లేదు కదండీ, పెళ్లి కానట్టే కదా’ అని నాతో వాదించినవారూ ఉన్నారు. హిందూ వివాహ చట్టం, 1955లోని ఏడో సెక్షన్ చదివితే సంగతి తేలిపోతుంది. సప్తపది ఉన్న ఆచారంలో ఏడో అడుగు పడిన క్షణంలో వివాహం పరిపూర్ణమై, ఇద్దరినీ కట్టిపడేస్తుంది. రిజిస్ట్రేషన్ జరిగిన పెళ్లికి సాక్ష్యం మాత్రమే. కాబట్టి మంగళసూత్రధారణ, తలంబ్రాలు, సప్తపది అయ్యాక ఆ అమ్మాయి చట్టం దృష్టిలో భార్యే. కాబోయే భార్యకిచ్చే కె-1కు ఆమె అర్హురాలు కాదు. ఇంటర్వ్యూలో పెళ్లి ఫొటోలు బయటపడితే వీసా ఆగిపోతుంది. దాచిపెట్టి అబద్ధం చెబితే అది అంతకంటే ప్రమాదం. నిశ్చితార్థాన్ని కూడా పెళ్లంత ఆర్భాటంగా, పూలదండలూ తలంబ్రాల బిందెలతో చేసుకుంటున్న ఈ రోజుల్లో ఆ ఆల్బమ్ చూసిన అధికారికి పెళ్లయిపోయిందేమోనన్న అనుమానం కలిగినా తప్పు పట్టలేం.

దీనికి పూర్తిగా విరుద్ధమైన పని చేస్తున్న కుటుంబాలూ ఉన్నాయి. ముహూర్తం ఆరు నెలల తర్వాత ఉంది, ఈలోగా ‘వీసా కోసం’ రిజిస్ట్రేషన్ చేయించేద్దామని, ఏ తంతూ జరగకుండానే ఒక సర్టిఫికెట్ సంపాదిస్తున్నారు. 2024 ఏప్రిల్ 19న సుప్రీంకోర్టులో జస్టిస్ బి.వి.నాగరత్న, జస్టిస్ అగస్టీన్ జార్జ్ మసీహ్ ధర్మాసనం ఇచ్చిన ఉత్తర్వు ఈ అలవాటునే ప్రస్తావించింది. హిందూ వివాహ చట్టం కింద తగిన క్రతువులు జరగకుండా తెచ్చుకున్న రిజిస్ట్రేషన్ పత్రం ఇద్దరినీ భార్యాభర్తలను చేయలేదని స్పష్టంగా చెప్పింది. విదేశాలకు వలస వీసా తొందరగా పొందడం కోసం ఇలా ముందే నమోదు చేయించుకుంటున్న ధోరణిని కూడా ధర్మాసనం ఎత్తిచూపింది. అలాంటి సర్టిఫికెట్ మీద ఐ-130 వేస్తే పునాది లేని ఇల్లు కట్టినట్టే. రెండు కుటుంబాలకూ తొందరే ఉంటే ఒక చిన్న ముహూర్తం చూసుకుని గుడిలో పది మంది ముందు శాస్త్రోక్తంగా పెళ్లి జరిపించి, దాన్ని నమోదు చేయించాలి. విందు, వైభవం తర్వాత ఎప్పుడైనా పెట్టుకోవచ్చు. ఆంధ్రప్రదేశ్ నిర్బంధ వివాహ నమోదు చట్టం 2002లోనే వచ్చింది కాబట్టి రిజిస్ట్రేషన్ చేయించుకోవడం ఎలాగూ మన బాధ్యత.

వేరువేరు మతాల జంటలకు దారి కొంత కష్టమైనదని ఒప్పుకోవాలి. ప్రత్యేక వివాహ చట్టం, 1954 కింద ఇద్దరిలో ఒకరైనా ఆ జిల్లాలో కనీసం 30 రోజులు నివసించి ఉండాలి. నోటీసు ఇచ్చాక మరో 30 రోజులు అభ్యంతరాల కోసం ఆగాలి. రెండు మూడు వారాల సెలవు మీద వచ్చే అమెరికన్‌కు ఇది ఇబ్బందే. నోటీసుకూ పెళ్లికీ కలిపి ప్రయాణాలను ముందే ప్లాన్ చేసుకోవాలి. నోటీసు ఇచ్చిన నాటి నుంచి మూడు నెలల్లోగా పెళ్లి జరిగితే చెల్లుతుంది. ఇద్దరిలో ఒకరు క్రైస్తవులైతే భారతీయ క్రైస్తవ వివాహ చట్టం, 1872 కింద పెళ్లి చేసుకునే వీలు కూడా ఉంది. అమెరికా వీసా ఇప్పటికే ఉన్న అమ్మాయి సందర్శనకు వెళ్లి, అక్కడ పెళ్లి చేసుకుని, గడువులోగా తిరిగి వచ్చేసి, ఆ తర్వాత ఐ-130 ద్వారా వెళ్లడం కూడా చట్టబద్ధమే. కరోనా కాలం నుంచి కొందరు వాడుతున్న అమెరికాలోని యూటా కౌంటీ ఆన్‌లైన్ పెళ్లి విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. వధూవరులు ఒకరి సమక్షంలో ఒకరు లేకుండా జరిగిన పెళ్లిని, ఆ తర్వాత ఇద్దరూ కలిసి దాంపత్య జీవితం గడిపారని చూపితే తప్ప, అమెరికా ఇమిగ్రేషన్ చట్టం గుర్తించదు.

సందర్శక వీసా గురించి ఇంకొక్క మాట. అక్కడే ఉండిపోవాలన్న ఉద్దేశం ముందే పెట్టుకుని, విమానాశ్రయంలో ‘చుట్టం చూపుగా వచ్చాను’ అని చెప్పి ప్రవేశించి, పెళ్లి చేసుకుని గ్రీన్‌కార్డుకు దరఖాస్తు చేయమని సలహా ఇచ్చే ఏజెంట్లు ఉన్నారు. ఉద్దేశపూర్వకంగా తప్పుడు సమాచారం ఇచ్చారని ఒక్కసారి తేలితే ఆ వ్యక్తిపై పడే నిషేధం జీవితాంతం వెంటాడుతుంది. అది తొలగాలంటే మినహాయింపు కోరుతూ వేరే పోరాటం చేయాలి. భర్త అమెరికా పౌరుడే కదా, కోర్టుకు వెళ్తాడులే అన్న ధీమా కూడా పనికిరాదు. విదేశీయురాలైన భార్యనో భర్తనో దేశంలోకి రానివ్వాలని పట్టుబట్టే ప్రాథమిక హక్కు అమెరికా పౌరుడికి లేదని ఆ దేశ సుప్రీంకోర్టు 2024 జూన్‌లో మునోజ్ కేసులో తేల్చింది. కాన్సులేట్ అధికారి కాదంటే కోర్టుల్లో ఊరట దొరకడం చాలా కష్టం.

ఇంతా చెప్పి, కె-1 తప్పని పరిస్థితులను విస్మరించడం న్యాయం కాదు. మన దేశంలో స్వలింగ జంటల వివాహానికి చట్టబద్ధత లేదని 2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. అలాంటి జంటలో ఒకరు అమెరికా పౌరులైతే, పెళ్లికి చట్టం ఒప్పుకునే మూడో దేశానికి వెళ్లలేనప్పుడు, కె-1పై అమెరికా వెళ్లి అక్కడ పెళ్లి చేసుకోవడమే వారికి మిగిలిన దారి. మొదటి పెళ్లి ద్వారా పుట్టిన పిల్లలున్న అమ్మాయి విషయం కూడా అలాంటిదే. సవతి తండ్రి పిటిషన్ వేయాలంటే బిడ్డకు 18 ఏళ్లు నిండకముందే ఈ పెళ్లి జరిగి ఉండాలి. 19, 20 ఏళ్ల బిడ్డ ఉన్న తల్లికి భార్య హోదాలో ఆ బిడ్డను వెంట తీసుకెళ్లే వీలుండదు. కె-1లో మాత్రం పెళ్లి కాని, 21 ఏళ్లలోపు పిల్లలకు కె-2 వీసా వస్తుంది. పెళ్లి సంగతి తెలిస్తే ఇంట్లోవాళ్లే ప్రాణం తీస్తారన్న భయం ఉన్న అమ్మాయికి, ప్రత్యేక వివాహ చట్టం కింద తన పేరు నోటీసు బోర్డుకు ఎక్కించమని నేను కూడా చెప్పలేను. ఇలాంటివారు కె-1 ఎంచుకుంటే అది ఆలోచించి తీసుకున్న నిర్ణయమే అవుతుంది. బ్రిటన్, కెనడాల సంబంధాలకు ఈ లెక్కలు వర్తించవు. బ్రిటన్‌లో కాబోయే భార్యకిచ్చే వీసా ఆరు నెలలే ఉంటుంది, అందులో ఉద్యోగం చేయకూడదు. పైగా అక్కడి భాగస్వామికి ఏడాదికి 29,000 పౌండ్ల ఆదాయం ఉండాలన్న నిబంధన 2024 ఏప్రిల్ 11 నుంచి కొత్త దరఖాస్తులకు అమల్లో ఉంది. కెనడాలో కాబోయే భార్యకంటూ వీసానే లేదు.

ఏ దారి ఎంచుకున్నా కాగితాలే ప్రాణం. మన ఫైళ్లు ఎక్కువగా ఆగేది పేరు దగ్గరే. పదో తరగతి మెమోలో ‘కె.లక్ష్మీప్రసన్న’ అని ఉంటుంది. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా రాసి చివర పెడతారు. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా వదిలేసి మొత్తం పేరును గివెన్ నేమ్ కింద ఎక్కిస్తారు. వివాహ ధ్రువపత్రంలో శుభలేఖలో ఉన్న ముద్దుపేరు దూరుతుంది. ఊళ్లో మంత్రసాని చేతుల మీద పుట్టిన అమ్మాయికి జనన ధ్రువపత్రమే ఉండదు. అప్పుడు మున్సిపాలిటీ నుంచో పంచాయతీ నుంచో రికార్డు లేదన్న పత్రం తీసుకుని, పుట్టుక గురించి తెలిసిన పెద్దల ప్రమాణపత్రాలు జతచేయాలి. పాస్‌పోర్టు కార్యాలయం నుంచి పోలీసు క్లియరెన్స్ కావాలి. గతంలో విడాకులు అయి ఉంటే డిక్రీ సర్టిఫైడ్ నకలు కావాలి. ఇవన్నీ పెళ్లి చూపులు దాటి మాట అనుకున్న వారంలోనే మొదలుపెట్టాలి. పెద్దలు కుదిర్చిన పెళ్లిళ్లలో పరిచయ కాలం తక్కువగా ఉండడం సహజం కాబట్టి, పెళ్లి తర్వాత మాట్లాడుకున్న కాల్స్ వివరాలు, ఒకరికొకరు పంపుకున్న డబ్బు, కలిసి చేసిన ప్రయాణాల టికెట్లు, రెండు వైపుల బంధువులూ ఉన్న ఫొటోలు జాగ్రత్తగా దాచుకోవాలి. భంగిమలు పెట్టి తీయించుకున్న ఆల్బమ్ కంటే బంతిలో అత్తమామల పక్కన కూర్చుని భోజనం చేస్తున్న ఫొటోకే ఎక్కువ విలువ.

అమ్మాయి తల్లిదండ్రులకు తెలియవలసిన రక్షణలు కొన్ని ఉన్నాయి. గ్రీన్‌కార్డు కోసం భర్త ఇచ్చే ఐ-864 హామీ పత్రం ప్రకారం ఆమెను అమెరికా ఫెడరల్ పేదరిక ప్రమాణంలో 125 శాతం స్థాయికి తగ్గకుండా పోషించే బాధ్యత అతనిది. విడాకులు అయినంత మాత్రాన ఆ బాధ్యత తీరిపోదు. ఆమె పౌరసత్వం పొందినప్పుడో, అక్కడి చట్టం లెక్క ప్రకారం 40 త్రైమాసికాల పని పూర్తయినప్పుడో, దేశం శాశ్వతంగా విడిచిపెట్టినప్పుడో అది ముగుస్తుంది. భర్త హింసిస్తే అతని ప్రమేయం లేకుండా, అతనికి తెలియకుండా స్వయంగా పిటిషన్ వేసుకునే హక్కును అక్కడి వావా చట్టం (మహిళలపై హింస నిరోధక చట్టం) ఇచ్చింది. కె-1 వేసే పౌరుడికి కొన్ని రకాల నేర చరిత్ర ఉంటే దాన్ని వెల్లడించాలనీ, ఆ సమాచారం దరఖాస్తుదారుకు అందాలనీ 2005 నాటి చట్టం చెబుతోంది. ఇంటర్వ్యూలో అధికారి చేతికిచ్చే హక్కుల కరపత్రాన్ని చదవకుండా మడిచి పర్సులో పెట్టుకోవద్దు. మన వైపు తెలంగాణ పోలీసు మహిళా భద్రతా విభాగంలో ఎన్నారై సెల్ ఉంది, జాతీయ మహిళా కమిషన్‌లోనూ ఉంది. ఈ వివరాలు పెళ్లికి ముందే తెలుసుకోమంటే అపశకునమని నొచ్చుకునే పెద్దలుంటారు. కానీ వెళ్లేది వాళ్లు కాదు, ఆ అమ్మాయి. దరఖాస్తులోని ప్రతి పేజీ ఆమె స్వయంగా చదివి, అర్థం చేసుకుని సంతకం పెట్టాలి. అబ్బాయే అంతా చూసుకుంటాడని లాగిన్ వివరాలు కూడా అతని చేతిలోనే వదిలేయడం మంచిది కాదు.

చివరగా మీ పత్రిక ద్వారా కొన్ని విన్నపాలు. రెండు తెలుగు రాష్ట్రాల రిజిస్ట్రేషన్ శాఖలూ వివాహ ధ్రువపత్రంలో వధూవరుల పేర్లను పాస్‌పోర్టులో ఉన్నట్టే, ఇంటిపేరును పొడి అక్షరంగా కుదించకుండా, పూర్తిగా ఇంగ్లీషులోనూ తెలుగులోనూ నమోదు చేసేలా సబ్ రిజిస్ట్రార్లకు ఉత్తర్వులు ఇవ్వాలి. ఒక్క అక్షరం సవరణ కోసం సెలవు అయిపోయి అమెరికా తిరిగి వెళ్లిన వరుణ్ణి మళ్లీ రప్పించవలసిన అగత్యం దానితో తప్పుతుంది. ఇక హైదరాబాదులో అమెరికా కాన్సులేట్ బేగంపేటలోని పైగా ప్యాలెస్ నుంచి 2023లో నానక్‌రామ్‌గూడలోని కొత్త ప్రాంగణానికి మారింది. 34 కోట్ల డాలర్లతో కట్టిన అంత పెద్ద కార్యాలయం ఊళ్లోనే ఉన్నా, భార్యాభర్తల వలస వీసా ఇంటర్వ్యూ కోసం శ్రీకాకుళం అమ్మాయి అయినా, ఆదిలాబాద్ అమ్మాయి అయినా ముంబై వెళ్లవలసి వస్తోంది. భాష తెలియని నగరంలో బస వెతుక్కుని, ఒక్క కాగితం తక్కువైతే మళ్లీ రానూపోనూ ఖర్చు భరించే ఈ అవస్థను మన ఎంపీలు విదేశాంగ శాఖ దృష్టికి తీసుకెళ్లాలి. వలస వీసా ఇంటర్వ్యూలను హైదరాబాదులోనూ నిర్వహించేలా అమెరికా ప్రభుత్వాన్ని కోరాలి. ఇందుకోసం ఇరు రాష్ట్రాల ముఖ్యమంత్రులు ఉమ్మడిగా లేఖ రాస్తే, ఇప్పటికే వీసా ఫైళ్లతో ఎదురుచూస్తున్న జంటలందరి తరఫునా మేం న్యాయవాదులం కావలసిన వివరాలు సమకూర్చి ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాం.

ఇట్లు,
ఒక న్యాయవాది,
గుంటూరు.